కొత్త మంచు, పాత రవ్వ

నాకు కోపం త్వరగా వస్తుంది గానీ బయటికి రాదు. పెళ్ళయిన కొత్తలో ఎవరేం అడిగినా "మీ ఇష్టం" అనేదాన్ని. ఏ సినిమాకెళ్దాం? మీ ఇష్టం. ఏం కూర వండుదాం? మీ ఇష్టం. ఆ తర్వాత సినిమా బాగోలేదని వారం రోజులు సణిగేదాన్ని, అది వేరే సంగతి. ఎనభైల మొదట్లో మా ఆయన పీహెచ్‌డీ కోసం కొలరాడోలో కాపురం పెట్టినప్పుడు ఈ అలవాటును కూడా ఆవకాయతో పాటు సూట్‌కేసులో భద్రంగా తెచ్చుకున్నాను.

మా ఆయన ల్యాబ్‌లో ఒక అమెరికన్ ఉండేవాడు. ఎర్ర గడ్డం, ఆరడుగుల పైన మనిషి, శని ఆదివారాలు కొండల్లోనే మకాం. ఒక చలికాలం రెండు రోజులు తెరిపి లేకుండా మంచు కురిసి శనివారానికి ఆగింది. కొండ మీద గడ్డకట్టిన సరస్సు చూపిస్తాను రమ్మన్నాడు. మా ఆయన నెల క్రితమే కెమెరా కొన్నారు. సరస్సు ముందు ఫొటో దిగి ఇంటికి పంపాలని ఆయన కోరిక. నన్నడిగితే నేనేమన్నానో మీకు తెలుసు.

పొద్దున్నే లేచి దారిలో తినడానికి రవ్వలడ్డులు చేశాను. నెయ్యి చాల్లేదు. ఎంత పిసికినా ముద్ద నిలవదు. ఎలాగో ఆకారం తెచ్చి డబ్బాలో పెడితే, కారు దిగేసరికి సగం పొడి అయిపోయాయి. ఆ కోపంతోనే స్నోషూలు కట్టుకున్నాను. కాలు మంచులో దిగబడకుండా కట్టుకునేవి, చూడ్డానికి టెన్నిస్ బ్యాట్లలా ఉంటాయి. ఒక బ్యాటును ఇంకో బ్యాటుతో తొక్కుకుని నాలుగడుగులకోసారి బోర్లా పడుతూ గంటన్నర నడిచాను.

చెట్లు అయిపోయిన చోట తెల్లటి వాలు అడ్డం వచ్చింది. ఒక్క అడుగుజాడ లేదు, ఎంత అందంగా ఉందో! అది దాటితే సరస్సు. మా ఆయన కెమెరా తీశారు. గడ్డం మనిషి పార తీశాడు. కొత్త మంచు పడ్డాక కొండ ఎంత అందంగా కనిపిస్తే అంత అనుమానించాలన్నాడు. అలాంటి వాళ్ళని నేను పెళ్ళిళ్ళలో చాలామందిని చూశాను కాబట్టి వెంటనే అర్థమైంది.

ఒక్కోసారి వాలు మీది మంచంతా ఒక్కపెట్టున జారి మనుషుల్ని పూడ్చేస్తుందట. అది తేల్చుకోవడానికి వాలు అంచున, చిన్న గట్టు మీద నడుము లోతు గొయ్యి తవ్వి గోడ చెక్కాడు. పైన మోకాలెత్తు కొత్త మంచు, కింద చలికాలం మొదట్లో పడిన పాత మంచు. గోడలోంచి ఒక దిమ్మెను విడదీసి, పైన పార పెట్టి అరచేత్తో తట్టాడు. చాలాసేపు కదల్లేదు. గట్టిగా చరిచాక పైభాగం జారింది. "అటూ ఇటూ కాకుండా ఉంది," అని గడ్డం గోక్కున్నాడు.

నేను గోతిలోకి దిగి, గ్లవ్ తీసి అడుగు పొరలో చెయ్యి పెట్టాను. గింజలు గింజలుగా ఉంది. పిడికిట్లో పెట్టి పిసికాను. ముద్ద కాలేదు, వేళ్ళ సందుల్లోంచి బొరబొరా రాలిపోయింది. పొద్దుటి నుంచి నా ప్రాణం తీసిన రవ్వే!

"దాటే ముందు అందరినీ అడుగుతాం," అన్నాడతను. "ఒక్కరు వద్దన్నా వెనక్కే. కారణం అడగం."

మా ఆయన సరేనన్నారు. అతను నా వైపు తిరిగాడు.

"యాజ్ యూ విష్," అన్నాను.

"ఇక్కడ ఆ మాట చెల్లదు. సరేనా, వద్దా?"

మా ఆయన నా వైపు బతిమాలుతున్నట్టు చూశారు. నాకు ఏడుపొచ్చింది. నేను వద్దంటే ఆయన సరదా పోతుంది. అనకపోతే మనిషే పోవచ్చు.

"నో!" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"ఇంత దూరం వచ్చి ఏంటిది?" అన్నారు మా ఆయన.

"అడుగున రవ్వ ఉందండీ. అంత బరువు మొయ్యదు."

"లడ్డూకీ కొండకీ సంబంధమేంటే?"

"కార్లో తిన్నారుగా, తెలీలేదా?"

గడ్డం మనిషికి తెలుగు రాదు. అన్నమాట ప్రకారం కారణమూ అడగలేదు. పార సంచికి కట్టేశాడు.

చదునుగా ఉన్న దారినే వెనక్కి ఇరవై అడుగులు వేశామో లేదో, కాళ్ళ కింద ధబ్బుమని పెద్ద చప్పుడు. మేం నిలబడ్డ మంచంతా ఒక్కసారి బెత్తెడు దిగింది. మా పక్క నుంచి సన్నటి బీట ఒకటి వాలు వైపు పరిగెత్తి, దాని అంచుదాకా వెళ్ళి ఆగింది. అడుగు పొర కూలితే అలాగే చప్పుడవుతుందని, అదే వాలు మధ్యలో ఉండి ఉంటే అని అతను మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఆపేశాడు.

కారు దగ్గర మా ఆయన లడ్డూ పొడి అంతా అరచేతిలో పోసుకుని, డబ్బా దులిపి మరీ తిన్నారు. బాగుందని రెండుసార్లు అన్నారు. ఆ రోజు తీసిన ఫొటో ఒక్కటే. గోతిలో నిలబడి, పిడికిట్లో మంచుతో, నేను కెమెరాను ఉరిమి చూస్తుంటాను. దాన్నే ఇంటికి పంపితే, కోడలితో బావి తవ్విస్తున్నావా అని మా అత్తగారు ఉత్తరం రాశారు.

ఆ తర్వాత ఇల్లు మారినా, ఊరు మారినా మా ఆయన ముందు నన్నడిగారు. ఇప్పటికీ ఎప్పుడైనా పాత అలవాటు కొద్దీ "మీ ఇష్టం" అంటే, వినిపించుకోనట్టు మళ్ళీ అడుగుతారు.