పరీక్షకు రాని సుగుణమ్మను వెతుక్కుంటూ పటాన్‌చెరు దాకా

ఔటర్ రింగ్ రోడ్డు ఇంకా పడని రోజుల మాట ఇది. రొమ్ము క్యాన్సర్‌ను ముందే కనిపెట్టే పరీక్షకు పల్లెల్లో ఆడవాళ్లు వస్తారా, రానివాళ్లు ఎందుకు రారు అని తెలుసుకునే ఒక పరిశోధనలో ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఉద్యోగం నాది. పటాన్‌చెరులో ఉచితంగా పరీక్ష పెట్టాం, రమ్మని ఊరూరా చీటీలు పంచాం. తీరా చూస్తే చీటీ తీసుకున్నవాళ్లలో చాలామంది రానేలేదు. "వాళ్ల ఇళ్లకు పోయి కారణం రాసుకుని రా" అని పరిశోధన నడిపే మా మేడం పంపించింది. కారణాలు కూడా ఆఫీసులోనే అచ్చు వేయించారు: భయం, సిగ్గు, తీరిక లేకపోవడం, ఇంట్లో ఒప్పుకోకపోవడం. మేం వెళ్లి టిక్కు పెడితే చాలు. ఇలాంటి పని మీద ఆ వైపు వెళ్లబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. చదివి సంతోషించే ప్రయాణం మాత్రం కాదు.

లక్డీకాపూల్‌లో ఉదయం ఏడింటికి సిటీ బస్సెక్కితే పటాన్‌చెరులో దిగేసరికి ఎనిమిదిన్నరయింది. టికెట్టు పన్నెండు రూపాయలని గుర్తు. ఏం తిన్నా బస్టాండు దగ్గర ఇడ్లీ బండి మీదే తినేయాలి, నీళ్లసీసా కూడా అక్కడే నింపుకోవాలి. లోపలి ఊళ్లలో బోరు నీళ్లు చూస్తే తాగబుద్ధి కాదు. అక్కడినుంచి శంకర్‌పల్లి వైపు షేర్ ఆటోలు పోతాయి, మనిషికి ఆరు రూపాయలు. భానూర్ ఇంకా రాకముందే నేను దిగాల్సిన ఊరు. దాని పేరు రాయను. దారిలో ఫ్యాక్టరీల వాసనకు కొంగు అడ్డం పెట్టుకున్నదాన్ని ఆటోలో నేనొక్కదాన్నే. నా చేతిలో ఫైలు చూసి డ్రైవర్ అడిగాడు.

"మల్ల రాసుకునేటందుకే వచ్చిన్రా మేడం? భూముల మీదనా, నీళ్ల మీదనా?"

"ఆడవాళ్ల ఆరోగ్యం మీద."

"రాయుండ్రి, రాయుండ్రి. మా ఊరి మీద రాసినన్ని కాయితాలు కలెక్టరాఫీసుల గూడ ఉండయ్."

అతను వెటకారంగా అన్నా అందులో నిజముంది. ఫ్యాక్టరీలకు పొలాలు పోయాయి, మిగిలిన పొలాల్లో బావులు పాడయ్యాయి. అందుకే ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా పరిహారం రాసుకోవడానికే వచ్చారని ఊళ్లో మగవాళ్లంతా చుట్టూ మూగుతారు. ఏడాది కింద తొలి సర్వేకు వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. ఈసారి అదృష్టం, అందరూ షిఫ్టుల్లో ఉన్నారు.

జాబితాలో మొదటి పేరు సుగుణమ్మ. యాభై ఏళ్లుంటాయి. ఒకప్పుడు పదెకరాలున్న ఇల్లు, ఇప్పుడు మూడెకరాలు మిగిలాయి, భర్త ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేస్తాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. పీట వేసి, చాయ్ పెడతానని లేచింది. వద్దని కూర్చోబెట్టి, పరీక్షకు ఎందుకు రాలేదమ్మా అని అడిగాను.

"నొప్పి ఉన్నోళ్లకు గద బిడ్డా గది? నువ్వే అడిగినవ్, నొప్పి ఉన్నదా అని. లేదన్న. నువ్వు రాసుకొని పోయినవ్. గప్పుడు గీ గడ్డ చింతగింజంతనే ఉండె."

మా ఫారంలో ఉన్న ప్రశ్న అది కాదు. "రొమ్ములో గాని, చంకలో గాని గడ్డ ఏమైనా తగులుతోందా? నొప్పి లేకపోయినా చెప్పండి" అని అడగాలి. ఉందన్నవాళ్లను మరునాడే జీపులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. లేదన్నవాళ్లకు చీటీ ఇచ్చి, వీలైనప్పుడు రమ్మనేవాళ్లం. తొలి సర్వేకు వచ్చిన ఆ రోజు ఇదే వాకిట్లో పరిహారం ఎంతిస్తరని ఏడెనిమిది మంది మగవాళ్లు కూర్చుని ఉంటే నాకు ఆ మాట నోట్లోంచి రాలేదు. "నొప్పి ఏమైనా ఉందా అమ్మా?" అని ఊరుకున్నాను. ఆమె లేదంది. "లేదు" దగ్గర టిక్కు పెట్టి పక్కింటికి పోయాను.

ఇప్పుడు సుగుణమ్మ నన్ను లోపలికి తీసుకెళ్లి చూపించింది. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసుకుంది. గడ్డ నిమ్మకాయంత అయింది, పైన చర్మం లోపలికి గుంజుకుపోయింది.

"ఇప్పుడే పోదాం పెద్దమ్మా, చీర మార్చుకో."

"గిప్పుడా? మీ పెదనాయన డ్యూటీల ఉండె. నొప్పి లేకపాయె, గంత జల్దీ ఏముంది?"

బతిమాలి ఒప్పించాను. ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకుని పన్నెండింటికల్లా పటాన్‌చెరు ఆస్పత్రికి చేరాం. డాక్టరమ్మ చాలాసేపు చూసింది, చంకలో వేళ్లు పెట్టి వెతికింది. రేపే సిటీలో క్యాన్సర్ ఆస్పత్రికి పొమ్మని కాగితం రాసిచ్చి, నన్ను పక్కకు పిలిచింది.

"చంకలోకి పాకింది. పోయినేడు మీ సర్వే జరిగింది కదా? అప్పుడేం చెప్పింది ఈమె?"

కాగితం తీసుకుని బయటికి వచ్చేశాను.

బయట బెంచీ మీద సుగుణమ్మకు మాత్రం చెప్పాను. సగం ప్రశ్నే అడిగానని, సిగ్గుపడ్డానని, తప్పు నాదేనని. చెబుతూ ఏడ్చాను. ఆమె తన కొంగు అందించింది.

"ఊకో బిడ్డా. గంతమంది మగోళ్లల్ల నువ్వు అడిగినా నేను చెప్తుంటినా?"

నన్ను ఓదార్చడానికి అందో, నిజమే అందో ఇప్పటికీ తెలియదు. ఆమెను ఆటో ఎక్కించి నేను మిగతా ఇళ్లకు వెళ్లకుండా సిటీ బస్సెక్కేశాను.

సుగుణమ్మకు ఆపరేషన్ చేశారు. మందులు ఎక్కించారు. భర్త సెలవు పెట్టి పెట్టి చివరికి పని మానుకున్నాడు. రెండో ఏడు వానలు పడకముందే ఆమె పోయింది. మా పరిశోధన నివేదిక బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. పల్లె ఆడవాళ్లకు అవగాహన లేదు, సిగ్గెక్కువ, అందుకే పరీక్షలకు రారు అని అందులో రాశాం. ఆ సిగ్గు ఎవరిదో నాకు తెలుసు. మేడంకు చెప్పడానికి రెండుసార్లు ఆమె గది దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. తొలి సర్వే రోజు సుగుణమ్మ ఇంటి తర్వాత ఇంకా పదిహేను ఇళ్లు తిరిగాను, అన్నిచోట్లా అదే సగం ప్రశ్న అడిగాను. ఆ ఇళ్లలో ఏమైందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. వాకిట్లో మగవాళ్లుంటే ఫైలు మూసేయండి. మంచినీళ్లు అడగండి, ఆమె లోపలికి లేస్తే మీరూ వెంట వెళ్లండి. పొయ్యి దగ్గర నిలబడి, రొమ్ములో గడ్డ ఉందా, నొప్పి లేని గడ్డయినా సరే ఉందా అని, ఆ మాట ఆ మాటగానే అడగండి.