పన్నెండో పిడి

కాకినాడ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "నాన్న లేరు" అన్నప్పుడు, నా చేతిలో మావయ్యగారు సగంలో వదిలి వెళ్ళిన కత్తి పిడి ఉంది. ఏడవడానికి ముందు దాన్ని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మావయ్యగారు చూసి ఉంటే మెచ్చుకునేవారే.

రాజమండ్రిలో ఆయన యాభై ఏళ్ళు వెండి పనే చేశారు. పట్టీలు, కుంకుమ భరిణెలు చేసేవాళ్ళు చాలామంది. పాత కత్తులకు డొల్ల పిడులు వేయడం మాత్రం మా వీధిలో ఆయనకొక్కరికే తెలుసు. ఇంగ్లండులో జార్జి రాజుల నాటి భోజనపు కత్తులు పన్నెండు, ఒక పెద్దాయన తాతల పెట్టెలోంచి తీసి బాగుచేయమని తెచ్చారు. ఉల్లిపొరంత పలచటి వెండి రేకులు రెండు అతికి, లోపల లక్క కరిగించి పోసి, కాల్చిన కత్తి మొదలు అందులోకి దించాలి. లోపలి గాలికి దారి లేకపోతే పిడి పగిలిపోతుంది. అందుకే పిడి కొసన చెక్కిన పువ్వులో కంటికి ఆనని బెజ్జం ముందే పొడిచేవారు.

నేను పని నేర్చుకుంటానంటే నవ్వకుండా తన పక్కనే పీట వేసిన మనిషి. "ముందు గాలికి దారి ఇవ్వమ్మా, లక్క తర్వాత" అని పూటకోసారి చెప్పేవారు. తెలుసులెండి అని విసుక్కునేదాన్ని. అలాంటిది, పోయిన నెల పదకొండో పిడి ఆయన చేతిలోనే చిట్లింది.

"మరిచిపోయానమ్మా" అన్నారు, నా మొహం చూడకుండా. దాన్ని ఎలాగో అతికారు గానీ రెండు రోజులు అన్నం సయించలేదు. పన్నెండోది రేకులు అతికి, లక్క పోయకముందే ఆసుపత్రిలో చేరారు.

పరామర్శకు వచ్చిన కత్తుల పెద్దాయన, "మీకు ఇబ్బందైతే అలాగే ఇచ్చేయండమ్మా, పర్లేదు" అన్నారు.

"చేసే ఇస్తానండి" అన్నాను. అన్నానే గానీ, భూతద్దం పెట్టి వెతికినా పువ్వులో బెజ్జం కనబడలేదు. కొత్తది పొడిస్తే అంత పలచటి రేకు చీలిపోవచ్చు. ఊది చూస్తే తెలిసిపోతుంది. ఆ ఊదడానికే నాకు వారం పట్టింది. పిడి పోతుందని కాదండీ, మావయ్యగారు చివరి పనిలోనూ మరిచిపోయే వెళ్ళారని తేలుతుందేమోనని.

నిన్న పొద్దున ఆయన పీట మీద కూర్చుని, పిడి మూతి పెదాలకు ఆనించి ఊదాను. ఏమీ తెలియలేదు. గుక్క తిప్పుకుని మళ్ళీ ఊదాను.

పువ్వు కింద పట్టిన అరచేతికి సన్నగా గాలి తగిలింది.