వారం రోజుల వెసులుబాటు

మేస్త్రి మావయ్య పోయాడు. విశాఖలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్ష రాసి బయటికొచ్చి ఫోన్ ఆన్ చేయగానే మా అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఆయన అమ్మకు తమ్ముడు. మందస చుట్టుపక్కల ఇల్లు కట్టించుకున్న పాఠకులెవరైనా ఉంటే, ఆయనచేత తిట్లు తినే ఉంటారు కాబట్టి మరిచిపోయి ఉండరు.

పునాదికి ముగ్గు వేయకముందే స్లాబ్ రోజు ఖాయం చేసేవాడు. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చేవాడు. స్లాబుకు ముందు ఇనుము కట్టడం, దానికి ముందు సెంట్రింగ్, దానికి ముందు గోడలు. ఇసుక ఒక్కరోజు ఆలస్యమైతే ఇంటి యజమాని అని కూడా చూసేవాడు కాదు. "ఏటి బాబూ, స్లాబు మీ కోసం ఆగుతాదేటి?" అని నిలదీసేవాడు. నేను గీతలు గీసి కష్టపడి నేర్చుకుంటున్న పాఠమంతా ఆయన వేళ్ల మీద ఉండేది. ఆ మాటంటే నవ్వాడు. "దీనిక్కూడా పరీచ్చెట్టినారేట్రా!"

అంత లెక్కల మనిషి తన కాళ్ల వాపును మాత్రం సిమెంటు మీదికి తోసేశాడు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి తెలియనివాళ్లు లేరు. అయినా ఎవరి కాళ్లు వాస్తే వాళ్లు ఎండ అనో, పని అనో సరిపెట్టుకుంటారు. బతిమాలి టెక్కలిలో రక్తపరీక్ష చేయించాను. వెంటనే విశాఖ తీసుకెళ్లి డయాలసిస్ మొదలుపెట్టించమన్నారు. ఆయనకు పిల్లల్లేరు. నాన్న లేని నన్ను చదివించింది ఆయనే. తోడు వెళ్లాల్సిందీ నేనే.

"వారం ఆగగలవా మావయ్యా? మంగళవారం పరీక్ష ఉంది," అన్నాను.

"నువ్వెల్లి రాసిరా అల్లుడా. ఈలోపు నాను చేతిలో ఉన్న ఇంటి స్లాబేసెత్తాను."

ఒక పనిని ఎన్ని రోజుల వరకు వాయిదా వేస్తే మొత్తం పని దెబ్బతినదో, ఆ రోజుల్ని మా పుస్తకంలో వెసులుబాటు అంటారు. ఆయన జబ్బుకు వారం వెసులుబాటు ఉందనుకున్నాను. డాక్టరు చెప్పలేదు, నేనే అనుకున్నాను. పరీక్షలో దాని మీదే ప్రశ్న వచ్చింది. తప్పు లేకుండా రాశాను. స్లాబ్ సోమవారమే పూర్తయిందట. మంగళవారం పొద్దున ఊపిరాడక, పలాస ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నేను చేరేసరికి గుమ్మం పక్కన ఆయన చెప్పులున్నాయి. పాదాలు పట్టక పట్టీలు కోసేసి, ఇనుము కట్టే తీగతో బిగించుకున్నాడు. తీగ పొడవునా పాత మెలికల గుర్తులున్నాయి. వాపు పెరిగినప్పుడల్లా విప్పి, ఇంకాస్త వదులుగా మెలేసుకుంటూ వచ్చాడు. చివరి మెలిక తర్వాత మిగిలిన తీగ గోరంత కూడా లేదు.