బీచ్ వీధి చివర మా ఆంటీ

మా ఇంటి ఓనరు ఆంటీ పోయిన నెల చనిపోయారు. న్యూజెర్సీ తీరంలో ఒక చిన్న బీచ్ కాలనీలో, ఆవిడ ఇంటి మేడ మీద గదిలో, నేను మాస్టర్స్ చదివిన రెండేళ్లూ అద్దెకున్నాను. వేసవిలో ఆ బీచ్‌కి వెళ్లినవాళ్లకి ఆవిడ పేరు తెలియకపోయినా మనిషి గుర్తుండే ఉంటారు. వీధి చివర కాటన్ చీర మీద నారింజరంగు సేఫ్టీ జాకెట్ తొడుక్కుని, కారు కిటికీలోకి వంగి, ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెడితే టోయింగ్ వాళ్లు లాక్కుపోతారో తెలుగులో చెప్పే పెద్దావిడ. ఆవిడే మా ఆంటీ.

సంవత్సరీకం దాకా ఆగకుండా ఇది ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. ఆవిడ నిలబడే చోట నాలుగు కార్లు పట్టే స్థలాన్ని బయటినుంచి వచ్చేవాళ్లకి ఉంచాలా, పార్కింగ్ పర్మిట్ ఉన్న కాలనీ ఇళ్లవాళ్లకే ఇచ్చేయాలా అన్నది కాలనీ అసోసియేషన్ వచ్చే నెల మీటింగులో తేల్చబోతోంది. ఆ లోపల మిమ్మల్ని ఒకటి అడగాలి. అడిగేముందు ఆవిడ ఎవరో చెప్పడం న్యాయం.

ఫోన్ వచ్చినప్పుడు నేను ప్లెయిన్స్‌బరోలో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాను. చేసింది ఆంటీ ఎదురింటి పెద్దాయన. ఫిలడెల్ఫియాలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక బీచ్‌కి వచ్చి స్థిరపడ్డ అమెరికన్. "పొద్దున ఆమె గుమ్మంలో పేపరు అలాగే పడి ఉంది. చూడగానే అర్థమైంది," అన్నాడాయన. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. తర్వాత ఆయనే, "ఆమె కారు ఇంకా అడ్డదిడ్డంగానే ఉంది. సరిచేయబుద్ధి కాలేదు," అన్నాడు.

ఆ మాట అర్థం కావాలంటే ఒకటి తెలియాలి. ఆ కాలనీలో పార్కింగ్, భద్రత, మరమ్మతులు చూసే కమిటీకి ఆంటీ పెద్ద. కానీ రెండు కార్ల మధ్య కారు పెట్టడం ఆవిడకి జన్మలో రాలేదు. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి తిప్పి, చివరికి దిగి తాళాలు చేత్తో పట్టుకుని నిలబడేవారు. ఎదురింటి పెద్దాయన చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా తాళాలు తీసుకుని, ఒక్క తిప్పులో పెట్టేసి వెళ్లేవాడు. "పార్కింగ్ రూల్స్ పెట్టేదాన్ని నేను. పార్క్ చేసేది ఆయన. డెమోక్రసీ అంటే ఇదేనమ్మాయ్," అని నవ్వేవారు ఆంటీ.

నాకు ఆవిడ దొరకడం అదృష్టం. బీచ్ ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. చలికాలంలో ఇళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి స్టూడెంట్లకి తక్కువ అద్దెకి ఇస్తారు. మే నెల రాగానే టూరిస్టుల కోసం ఖాళీ చేయమంటారు. మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. మే నెలలో సూట్‌కేసు సర్దుకుంటూ, ఎక్కడికి పోవాలో తెలియక మెట్ల మీద కూర్చున్నాను. ఆంటీ పైకొచ్చి చూశారు.

"ఎక్కడికీ?"

"మే వచ్చింది కదా ఆంటీ. అందరూ ఖాళీ చేస్తున్నరు."

"అందరూ చేస్తే నువ్వూ చెయ్యాలా? అద్దె అంతే. కాకపోతే శనివారం శనివారం నాతో వచ్చి వీధి చివర నిలబడాలి. నాకు కాళ్లు లాగేస్తున్నాయ్."

అలా ఆ వేసవి నాకు ఇల్లు మిగిలింది. సముద్రాన్ని కూడా నేను మొదటిసారి సరిగ్గా చూసింది అప్పుడే. ఆంటీది బందరు. సముద్రమంటే ఆవిడకి పెద్ద వింత కాదు. నేను మాత్రం వచ్చిన ప్రతి కారుకీ వీపు తిప్పి నీళ్లకేసి చూస్తుండేదాన్ని. "అది ఎక్కడికీ పోదు, కార్లు చూడు," అని కసిరేవారు.

శనివారం పొద్దున్నే ఆవిడ ముందు నడిచేవారు, తర్వాత నిలబడేవారు. నడక బోర్డ్‌వాక్ మీద. చెక్కల మీద కాలితో తట్టి చూస్తూ, కదిలిన చెక్క దగ్గర ఆగి ఫోటో తీసి అసోసియేషన్‌కి పంపేవారు. ఫోటోలో సగం ఆవిడ బొటనవేలే ఉండేది. ఇసుకలో గాజుపెంకు కనిపిస్తే చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వంగి తీసేవారు. "ఎవరు పడేశారో అడగడం మొదలుపెడితే సాయంత్రం అవుతుంది. ఈ లోపల ఎవడో ఒకడు తొక్కుతాడు," అనేవారు.

ఒక సాయంత్రం మన కుర్రాళ్లు, ఏదో అపార్ట్‌మెంట్ నుంచి వచ్చినవాళ్లు, లైఫ్‌గార్డులు డ్యూటీ ముగించి వెళ్లిపోయాక జీన్స్ ప్యాంట్లతోనే నీళ్లలోకి దిగారు. అలలు లోపలికి లాగుతున్నాయి. ఆంటీ ఒడ్డున నిలబడి గొంతెత్తారు.

"ఒరేయ్ నీలం చొక్కా! బయటికి రా!"

"మోకాళ్ల దాకే ఆంటీ, ఏం కాదు!"

"మీ అమ్మకి ఫోన్ ఎవరు చెయ్యాలి? నేనా? నెంబరు చెప్పి మునుగు!"

నీలం చొక్కా నవ్వుతూ బయటికి వచ్చాడు. వెనకాలే మిగతావాళ్లూ వచ్చారు. ఆంటీ వాళ్లందరికీ మజ్జిగ పోసి, లైఫ్‌గార్డు లేనప్పుడు ఎందుకు దిగకూడదో అప్పుడు నెమ్మదిగా చెప్పారు. తిట్టడం ముందు, చెప్పడం తర్వాత. ఆవిడ వరస అంతే.

ఇక ఆ నాలుగు కార్ల స్థలం సంగతి. అది ఇసుకకి ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి నీళ్ల దగ్గరికి ఒక చాప దారి పరుస్తారు, చక్రాల కుర్చీ కూడా పోయేలా. పక్కనే అంబులెన్స్ కోసం వదిలిన దారి. వేసవిలో బయటివాళ్లు ఆ దారికి కూడా కార్లు అడ్డం పెట్టేస్తున్నారని, ఆ స్థలం మొత్తాన్ని పర్మిట్లవాళ్లకే ఇవ్వాలని అసోసియేషన్‌లో మొదట పట్టుబట్టింది ఈ ఎదురింటి పెద్దాయనే. ఆయన కోపంలో తప్పులేదు. అడ్డం పెట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఆ గొడవ మలుపు తిరిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఒక శనివారం ఒక స్థలం ఖాళీ అయింది. మన అంకుల్ ఒకాయన పరుగున వచ్చి, ఆ ఖాళీ మధ్యలో తువ్వాలు పరిచి, దాని మీద పులిహోర గిన్నె పెట్టి, కారు తేవడానికి వెళ్లాడు. ఈలోగా ఎదురింటి పెద్దాయన కారుతో అక్కడికే వచ్చాడు. గిన్నెని చూశాడు. హారన్ కొట్టాడు. గిన్నె కదలదు కదా. అటువైపు నుంచి అంకుల్ వ్యాన్‌లో వచ్చి ఆయన కూడా హారన్ కొట్టాడు. వ్యాన్‌లో ఇండియా నుంచి వచ్చిన ఆయన తల్లి, మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమిటిది?" అని పెద్దాయన కారు దిగి ఇంగ్లీషులో అరిచాడు. "రోడ్డు మీద అన్నం పెట్టి జాగా ఆపుకుంటారా?"

ఆంటీ తాపీగా వెళ్లి ఆయనకి ఇంగ్లీషులోనే చెప్పారు. "మీ ఫిలడెల్ఫియాలో మంచు పడ్డప్పుడు, తవ్వుకున్న చోట కుర్చీ పెట్టి వెళ్తారుగా, ఇంకెవరూ కారు పెట్టకుండా? మా ఊళ్లో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేస్తాం. సీటు మాది అని. ఇదీ అదే."

పెద్దాయన ఒప్పుకోలేదు. "అది వేరు. అక్కడ మంచు నేను తవ్వాను."

"ఈయన టర్న్‌పైక్ హైవే మీద ట్రాఫిక్ తవ్వుకుంటూ వచ్చాడు. ముసలావిడ మోకాళ్లు చూడండి."

పెద్దాయన వ్యాన్‌లోకి చూశాడు. కోపం నిలుపుకోవాలని ప్రయత్నించాడు గానీ నవ్వొచ్చేసింది. ఆయన నవ్వగానే ఆంటీ ఇటు తిరిగి అంకుల్‌ని పట్టుకున్నారు.

"ఇది ఆర్టీసీ బస్సు కాదు బాబూ. తువ్వాలు తియ్. అమ్మని ఇక్కడ దింపు, నేను చెయ్యి పట్టుకుంటా. కారు తీసుకెళ్లి దూరంగా స్కూలు దగ్గర పెట్టి నడిచి రా. నీ మోకాళ్లు బానే ఉన్నాయ్‌గా?"

"ఉన్నాయండీ," అన్నాడాయన, గిన్నె ఎత్తుకుంటూ.

"గిన్నె ఇక్కడే ఉంచు. అది నడవలేదు."

అలా ఒక పద్ధతి ఏర్పడింది. పెద్దవాళ్లని, పసిపిల్లలని చాప దారి దగ్గర దింపాలి, నడవగలిగినవాళ్లు కారు దూరంగా పెట్టి రావాలి, నడవలేనివాళ్లు ఉన్న కార్లకే ఆ నాలుగు జాగాలు. ఇందులో రాసిపెట్టిన రూలు ఏదీ లేదు. అక్కడ ఒక మనిషి నిలబడి మాట్లాడితేనే ఇది నడుస్తుంది. బోర్డు పెట్టచ్చు కదా అని నేనడిగితే, "బోర్డుతో ఎవరూ నవ్వరమ్మాయ్," అన్నారు.

ఆ ఏడాది పెద్దాయన ప్రతిపాదన అసోసియేషన్ మీటింగుకి వచ్చింది. అక్కడ ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆంటీ నన్ను మాట్లాడమన్నారు.

"నాతోని కాదు ఆంటీ. నాకు ఇంగ్లీషు రాదు."

"మాస్టర్స్ ఏ భాషలో చదువుతున్నావే?"

"చదువుడు వేరు, మాట్లాడుడు వేరు."

"మూడు నిమిషాలే. నాలుగో నిమిషంలో వాళ్లే ఆపేస్తారు. భయమెందుకు?"

మీటింగులో లేచి, వ్యాన్‌లోని ఆ ముసలావిడ నీళ్లు తాకిన వెంటనే ఏం చేసిందో అది మాత్రం చెప్పాను. దోసిట్లో నీళ్లు తీసుకుని ముందు కొడుకు తల మీద చల్లింది. అంతకన్నా నా దగ్గర మాటలు లేవు. నేను కూర్చున్నాక ఎదురింటి పెద్దాయన లేచి తన ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు, ఒక్క షరతుతో: వేసవి శనివారాల్లో అక్కడ ఎవరో ఒకరు నిలబడాలి, అంబులెన్స్ దారి ఖాళీగా ఉండాలి. "నేనున్నాగా," అన్నారు ఆంటీ.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో చెప్పాను. మా అమ్మకి చదువు రాదు. మీటింగ్ అంటే ఏమిటో, పర్మిట్ అంటే ఏమిటో వివరించబోతే అడ్డుపడింది. "అవన్నీ నాకెందుకు బిడ్డా. నువ్వు లేచి నిలబడ్డవా లేదా?" నిలబడ్డానన్నాను. "ఫోన్ ఆంటీకియ్యి," అంది. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకరి యాస ఒకరికి సగమే అర్థమైంది. అయినా ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.

ఆంటీలో అన్నీ మంచి గుణాలేనని చెప్పను. ఒకరి మాట పూర్తిగా వినేవారు కాదు. కూరలో ఉప్పు వేయడం మర్చిపోయి, "ఉప్పు గాలే కదా, అదే పడుతుంది," అనేవారు. అసోసియేషన్‌లో సగంమందికి ఆవిడంటే తలనొప్పి. ఆ సగం కూడా అంత్యక్రియలకి వచ్చారు.

ఆవిడ పోయాక ఆ షరతు మళ్లీ ముందుకొచ్చింది. నిలబడే మనిషి లేడు కాబట్టి స్థలం పర్మిట్లకి ఇచ్చేద్దామని కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు అడుగుతున్నారు. అడగడంలో వాళ్ల తప్పు లేదు. ఎదురింటి పెద్దాయన మాత్రం కొన్ని శనివారాలు తాను నిలబడతానన్నాడు. కానీ ఆయనకి తెలుగు రాదు, వయసూ మీద పడింది. మిగతా శనివారాలకి, ఆ బీచ్‌కి వచ్చేవాళ్లలోంచే మనుషులు దొరికితే ఈ పద్ధతి మార్చబోమని, ఆ పేర్లు మీటింగులో చదివి చెప్పమని అసోసియేషన్‌వాళ్లు నాకు కబురు చేశారు.

పోయిన ఆదివారం అక్కడికి వెళ్లాను. చాప దారి ఇంకా పరవలేదు. గాలి బాగా వీస్తోంది. దూరాన నోవై అనే ఊరి నుంచి కొడుకు దగ్గరికని వచ్చిన ఒక జంట, డెబ్బై దాటినవాళ్లు, కారు దిగకుండా అద్దం దించి నన్ను పిలిచారు.

"అమ్మా, ఇక్కడ కారు పెట్టుకోవచ్చా?"

"ఇవాళ పెట్టుకోవచ్చండీ," అన్నాను. వచ్చే నెల మీటింగు తర్వాత సంగతి వాళ్లు అడగలేదు. నేను చెప్పలేదు.

ఈ వేసవిలో ఒక్క శనివారం, పొద్దున మొదలుకొని మధ్యాహ్నం దాకా, ఆ వీధి చివర నిలబడగలరా? జాకెట్, మజ్జిగ నేను తెస్తాను. నిలబడగలిగితే, ఏ శనివారమో రాసి, ఈ పత్రిక సంపాదకుల ద్వారా ఈ నెల ఇరవయ్యో తారీఖులోగా నాకు తెలియజేయండి. కుదరకపోయినా కుదరదని ఒక ముక్క రాయండి. మీటింగులో నాకున్నది మూడు నిమిషాలే. ఈసారి వాటిని మీ పేర్లతో నింపాలని ఉంది.