మరిది అమ్మిన కారు, నేను కొన్న స్కానరు

మొన్న ఆదివారం ఎమ్మిగనూరు నుంచి మా మేనల్లుడు వచ్చి, తానొక పాత స్పోర్ట్స్ కారు బేరం చేస్తున్నాననీ, లోపాలేమైనా ఉంటే ఇంట్లోనే చూసుకోవడానికి ఏ స్కానరు కొంటే మేలో చెప్పమనీ అడిగాడు. ఫోనులో రెండు మూడు బొమ్మలు చూపించాడు. వాటిలో మొదటిది, స్టీరింగు కింద గుచ్చితే ఫోనుకు సమాచారం పంపే అగ్గిపెట్టెంత చవక వస్తువు, కనబడగానే నాకు ఒళ్లు మండిపోయింది. అత్తకు అంత కోపం ఎందుకొచ్చిందో తెలియక పాపం పిల్లవాడు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అరవై దాటినదాన్ని, జీవితమంతా జాకెట్లు కుట్టినదాన్ని, ఇలాంటి యంత్రాల గురించి సలహా అడిగించుకునే రోజు వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. సరదాపడి నేర్చుకున్న సంగతులు కావవి.

మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా చిన్నప్పుడు మా వైపు కారంటే ఆదోని పత్తి మిల్లుల షావుకార్ల ఇళ్ల ముందు నిలబడి ఉండేది, మనం దూరం నుంచి చూసేది. మగ్గాల ఇంట్లో పుట్టి, ఎమ్మిగనూరు నుంచి కోడలిగా ఆదోనికి వచ్చిన నాకు బస్సే గొప్ప. మా ఆయనకు మాత్రం కార్ల పిచ్చి. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులకు స్పేరు పార్టుల దుకాణం నడిపేవారు. ఏదో మిల్లు ఆఫీసు గోడ మీద ఎర్రటి రెండు సీట్ల కారు బొమ్మున్న క్యాలెండరు ఉంటే, సంవత్సరం గడిచిపోయాక అడిగి తెచ్చుకుని దుకాణంలో తగిలించారు. కాగితం పసుపురంగు తిరిగినా తీయనివ్వలేదు.

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిది నిక్కరు తొడుక్కుని బడికి పోయే పిల్లవాడు. అత్తగారు మంచాన పడటంతో వాడికి తల దువ్వి, అన్నం పెట్టి పంపే పని నాకొచ్చింది. పత్తి ధర పడిపోయి దుకాణం మూలిగిన రోజుల్లో వాడు బెంగుళూరులో మోటారు చదువు చదివాడంటే, అది నా కుట్టుమిషను మీద. ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు, ఇంట్లో అలాంటివి చెప్పుకోవడం పద్ధతి కాదనుకునేదాన్ని. ఇప్పుడు అంటున్నాను. వాడు అక్కడే స్థిరపడి, డబ్బున్నవాళ్లు వాడుకుని వదిలేసిన ఖరీదైన కార్లు కొని అమ్మే వ్యాపారంలోకి దిగాడు.

కొన్నేళ్ల కిందట మా ఆయన దుకాణం మూసేశాక, ఆ క్యాలెండరు కోరిక మళ్లీ లేచింది. వాడే ఒక ఎర్ర కారును బెంగుళూరు నుంచి నడుపుకుంటూ తెచ్చి మా గుమ్మం ముందు నిలిపాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. ఇలాంటి బండి ఇంట్లో ఉంటే స్కానరు కూడా ఉండాలని మా ఆయన ఎక్కడో చదివి, సాయంత్రాలన్నీ ఏది కొనాలా అని ఫోనులో వీడియోలు చూసేవారు. ఇంజిను ఒక్కటే చూసేవి కొన్ని, గేరుబాక్సు, బ్రేకులు, గుద్దుకున్నప్పుడు విచ్చుకుని మనిషిని కాపాడే గాలిసంచులు అన్నీ విప్పి చూపేవి కొన్ని. ఆయన మనసు రెండో రకం మీద ఉండేది. మరిది వద్దన్నాడు. చిన్నది చాలట, పెద్దది దండగట. వాడి మాట మీద చిన్నదే కొన్నారు. గుచ్చి చూస్తే లోపాలు లేవని వచ్చింది. కారు స్టార్టు చేయగానే గాలిసంచి లైటు వెలిగి, కాసేపటికి ఆరిపోయేది. అలా ఆరితే అంతా సవ్యంగా ఉన్నట్టని వాడు మాకు నేర్పాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం ఎమ్మిగనూరులో పెళ్లికని బయలుదేరాం. దారిలో పత్తి బోరాల ట్రాక్టరు ఒకటి పొలం బాటలోంచి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. మా ఆయన బ్రేకు తొక్కారు గానీ, కారు పోయి ట్రాలీకి గుద్దుకుంది. నేను కుడిచెయ్యి ముందుకు చాపాను. గాలిసంచి ఒక్కటీ విచ్చుకోలేదు. ఆయనకు పక్కటెముకలు విరిగాయి, నాకు మణికట్టు నుజ్జయింది.

కర్నూలు ఆసుపత్రి నుంచి వచ్చాక, ఇన్సూరెన్సు తరఫున కారు చూసిన సర్వేయరు, అసలు ఇందులో గాలిసంచులే లేవమ్మా అన్నాడు. ఎప్పుడో ఒకసారి విచ్చుకుంటే తీసేసి, కొత్తవి పెట్టకుండా మూతలు అతికించారట. మరిదికి ఫోను చేస్తే, సొమ్ము ఎగ్గొట్టడానికి ఆ మనిషి కట్టిన కథ అది అన్నాడు. మా ఆయన తమ్ముడి మాటే నమ్మారు.

నేను నమ్మలేదు. కట్టు కట్టిన చేతితోనే ఆ పెద్ద స్కానరు తెప్పించాను. ఆ కంపెనీ కార్లకు పనిచేస్తుందా, గాలిసంచులను నడిపే పెట్టెను చదువుతుందా, లోపం ఎప్పుడు పడిందో చెబుతుందా అని అమ్మేవాడిని విసిగించి మరీ కొన్నాను. వాకిట్లో నలిగి నిలబడ్డ కారుకు ఎడమచేత్తో గుచ్చాను. రెండు సంచులూ లేవని తెర మీద పడింది. ఆ లోపం మొదట పడేసరికి కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా పక్కనే ఉంది. మేము కొన్ననాటి లెక్కకంటే అది ఎంతో తక్కువ, అంటే మా గుమ్మానికి రాకముందే అవి పోయాయి. లైటు తీగను పక్క లైటు తీగతో కలిపేసి, దానితోపాటే వెలిగి ఆరేటట్టు చేశారని తరువాత తెలిసింది.

మరిది పరామర్శకని పండ్లు పట్టుకుని వచ్చినప్పుడు ఆ తెర వాడి ముందు పెట్టాను. 

"నేను కొన్నప్పుడే అట్లుండె వదినా. ఈ యాపారంలో అందరూ సేసేదే."

"అందరి సంగతి నాకొద్దప్పా. మీ అన్న దాంట్లో కూసుంటాడని నీకు తెలుసు గదా."

వాడు పండ్ల సంచి మంచం పక్కన పెట్టాడు. మంచం మీద నుంచి మా ఆయన, "పోనీలే, వాడు మాత్రం ఏం సేస్తాడు" అన్నారు. ఆ మాటకు నాకు మరిది మీదకంటే ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది. విరిగింది ఆయన ఎముకలే అయితే క్షమించడం ఆయన ఇష్టం. నా చెయ్యి కూడా విరిగింది, నన్నెవరూ అడగలేదు. పండ్ల సంచి వాడి చేతికే తిరిగిచ్చి పంపేశాను.

ఆ అన్నదమ్ములు ఇప్పటికీ ఫోనులో మాట్లాడుకుంటారు. నేను పెరట్లోకి వెళ్లిపోతాను. నా వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, సూదిలో దారం ఎక్కించలేను.

మేనల్లుడికి ఏ స్కానరు కొనాలో చెప్పాను. కొన్నాక కాదు, బేరం కుదరకముందే గుచ్చి చూడమన్నాను, అమ్మేవాడు మనవాడైతే మరీ తప్పనిసరిగా చూడమన్నాను. వాడు బుద్ధిగా తలూపి వెళ్లిపోయాడు. తరువాత చాలాసేపు నాకు మనసు బాగాలేదు. మా రోజుల్లో బంధువు దగ్గర వస్తువు కొంటే పరీక్షించి చూడటానికే సిగ్గుపడేవాళ్లం, చూస్తే వాళ్లు నొచ్చుకుంటారని. ఆ సిగ్గు ఎంత హాయిగా ఉండేదో, పక్కన కూర్చుని చెప్పుకోవడానికి ఈ ఇంట్లో ఇప్పుడు ఆయన ఉండీ ఎవరూ లేనట్టే.