మోకాలి మీద ఊడని పొర

ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, గుంటూరులో ఫార్మసీ చదివే ప్రతివాడూ బిళ్లల ప్రాజెక్టే చేసేవాడు. నేను మాత్రం గాయం మీద స్ప్రే చేస్తే మెత్తటి పొరలా గడ్డకట్టి, చీము పట్టనివ్వని మందు చేస్తానని మొండికేశాను. సముద్రపు నాచు పొడి కలిపిన చిక్కటి ద్రవంలో బ్యాక్టీరియాను చంపే మందు వేయడం, దాని మీద కాల్షియం నీళ్లు కొట్టి గడ్డకట్టించడం, అంతే. తీరా సెంటు సీసాలో పోసి నొక్కితే ఆ ద్రవం తుంపరగా రాలేదు, సేమ్యాలా సాగింది. "శుక్రవారానికి తుంపర పడకపోతే నువ్వూ బిళ్లలే చేసుకో" అన్నారు మా గైడు మాష్టారు, నా మొహం కూడా చూడకుండా. (ఆ చూడకపోవడం నాకింకా గుర్తే.)

మా బాబాయికి మిర్చి వ్యాపారం. కాయ విరగకుండా, బస్తాలకెత్తే ముందు నీళ్లు చల్లే చేతి స్ప్రేయరు ఆయన దగ్గరుండేది. "ఏరా, మందు కొట్టడానికి చేనెక్కడుందిరా నీకు?" అని నవ్వుతూనే ఇచ్చాడు. దానికి పట్టిన మిర్చి పొడి పోవాలని మూడుసార్లు నీళ్లతో కడిగాను. (మిర్చి ఘాటు నీళ్లకు వదలదని అంతకు ముందు నెలే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి!)

శుక్రవారం కోడి చర్మం మీద కొడితే తుంపర మంచులా పడింది. మాష్టారు "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" నాకు చాల్లేదు. నల్లపాడు గేటు దగ్గర సైకిల్ మీంచి పడి చెక్కుకుపోయిన మోకాలుంది కదా అని ప్యాంటు మడిచి దాని మీదా కొట్టాను, పైన కాల్షియం నీళ్లూ కొట్టాను. మరుక్షణం "అమ్మో! చచ్చాన్రోయ్!" అంటూ వరండా అంతా పరుగు. "కుళాయి ఇటుంది బాబూ, ఇటు!" అని వెనకే అటెండరు భాయి. కుళాయి కింద ఎంతసేపు పెట్టినా ఏం లాభం? పొర కరిగితే కదా ఘాటు పోయేది! చివరికి భాయి పట్టకారుతో ఒక్క ముక్కగా ఒలిచి, "ఏం పట్టు పట్టింది బాబూ!" అన్నాడు. మాష్టారు మాత్రం రికార్డులో ఒక్క ముక్క రాశారు: "మంట పుట్టించును. పనికిరాదు." ఏడాదంతా బిళ్లలు చేశాను.

ఇప్పుడు తలుచుకుంటే, ఆ "ఊఁ"తో సరిపెట్టుకోలేకపోయిన కుర్రాడి మీద నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. మంట మిర్చిది మాష్టారూ, ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. పొర కూడా నాదే కదండీ! మీకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఇప్పుడైనా చెప్పండి. అంత పరుగెత్తినా, అన్ని నీళ్లు పోసినా అది ఊడిందా?