వెర్నా పాడిన పల్లవి

"ఏమ్మా, మా ఇంగ్లండు పాట నీకు వచ్చా?" ఇంగ్లండు ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున వుల్వర్‌హాంప్టన్ పబ్బులో ఓ ముసలాయన వెర్నాను మొహం మీదే అడిగాడు.

కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వచ్చిన నల్లజాతి నర్సు కూతురు వెర్నా, బస్సు డిపో క్యాంటీనులో వంటమనిషి. దేశమంతా కళ్లనీళ్లతో పాడే ఆ పల్లవిని ముప్పై ఏళ్ల కిందట రికార్డులో పాడింది ఆమే. వీడియోలో మాత్రం ఓ తెల్లపిల్ల పెదవులు కదిపింది.

"ఆ పాట పాడింది నేనే, పెద్దాయనా."

"ఊరుకో! ఆ పిల్లని టీవీలో చూళ్లేదనుకున్నావా?"

వెర్నా పల్లవి ఎత్తుకుంది. పబ్బంతా అందుకుని ఆమె గొంతును ముంచేసింది. పాటయ్యాక ముసలాయన ఆమె భుజం తట్టాడు. "పర్లేదమ్మా, బాగానే నేర్చుకున్నావు!"

దీన్నే జాతీయ ఐక్యత అని పత్రికలు మురిసిపోతాయి. పాడినందుకు ఇస్తామన్న రెండొందల పౌండ్లలో వంద, రికార్డు కంపెనీ నుంచి ఆమెకు ఇప్పటికీ రావాలి.